తాగమని చెప్పింది నేను

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాటలో ఉంది. న్యాల్‌కల్ దాటాక కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊరి నుంచి ఆశా వర్కర్ ఫోన్ చేసి, ట్యాంకు నీళ్లు రంగు మారాయి, జనాన్ని తాగమనాలా వద్దా అని అడిగింది. తాగమనండి అన్నాను. ఆ నీళ్లు నేను చూడలేదు. ఆ సమయంలో జహీరాబాద్‌లో, మా కంపెనీ షెడ్డులో, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని నిలబడి ఉన్నాను.

మా కంపెనీ చిన్నది. ట్రాక్టర్లకు వెళ్లే షాఫ్టులు చేస్తుంది. వాటి నాణ్యత చూడటం నా ఉద్యోగం. నేను పాస్ అంటేనే సరుకు పెట్టెలోకి వెళ్తుంది. చేత్తో పట్టుకుని తిప్పి చూడకుండా, గేజ్ పెట్టకుండా ఒక్క షాఫ్టును పాస్ చేసిన రోజు నా ఉద్యోగంలో లేదు. పైవాళ్లు తొందరపెట్టినా, బయట లారీ హారన్ కొడుతున్నా చేయలేదు. ఆ విషయంలో నాకు కొంచెం పొగరు కూడా ఉంది. అలాంటివాణ్ణి, ఒక ఊరు తాగే నీళ్లను ఫోన్లో పాస్ చేశాను.

ఆమె మాటలు ఇప్పటికీ ఉన్నవి ఉన్నట్టు గుర్తున్నాయి.

"సార్, రాత్రంత వాన గొట్టింది. కరెంటు పోతున్నది, వస్తున్నది. నల్లా నీళ్లు జర రంగు మారినట్టు గొడ్తున్నయ్. తాగుమని చెప్పాల్నా, వద్దంటరా?"

"ట్యాంకులో క్లోరిన్ మందు కలుస్తోందా?"

"డ్రమ్ముల నుంచి చుక్కలైతే పడుతున్నయ్ సార్."

"అయితే ఏం కాదమ్మా. కొత్త వాన కదా, కాస్త మట్టి రంగు ఉంటుంది. తాగమనండి."

"పక్కానా సార్? అందరు బిందెలు వట్టుకోని నిలవడ్డరు. ముందుగాల నేను తాగి సూపియ్యాలె గద, అందుకే అడుగుతున్న."

"పక్కా. ఫికర్ చేయకండి," అన్నాను. నాది గోదావరి వైపు. ఇక్కడి మాట ఒకటి కలిపితే ఎదుటివాళ్లు త్వరగా నమ్ముతారని చాలా ఏళ్ల కిందే కనిపెట్టాను.

ఆ ట్యాంకులోకి వచ్చేది బోరు నీళ్లు. వాన పడితే బోరు నీళ్లకు రంగు రాదని నాకు తెలుసు. భూమి లోపల్నుంచి మూసిన పైపులో వచ్చే నీటికి, పైన కురిసే వానతో పని లేదు. రంగు మారిందంటే దారిలో ఎక్కడో బయటి నీరు కలుస్తోందని అర్థం. ఎక్కడ కలుస్తోందో కూడా నాకు తట్టింది. తట్టిన మరుక్షణం దాన్ని పక్కకు నెట్టేశాను. మా దగ్గర సరుకు కొనేవాళ్లు ఆ ఉదయం తనిఖీకి వచ్చారు. ఫోన్ పెట్టేస్తే బాగుండునన్నట్టు ఎదురుగా నిలబడి చూస్తున్నారు. పెట్టేశాను.

ఆ ఊరితో మాకున్న సంబంధం గురించి చెప్పాలి. జహీరాబాద్ చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసే ఇంజనీర్లం కొందరం కలిసి ఆదివారాలు ఊళ్లకు వెళ్లేవాళ్లం. బడులకు చేతులు కడుక్కునే కుళాయిలు పెట్టడం, ఆరోగ్య ఉపకేంద్రాల్లో మరుగుదొడ్లు బాగుచేయడం, తాగునీటి ట్యాంకులు కట్టడం మా పని. ఎవరూ జీతం ఇవ్వరు, మేమూ అడగం. అయితే అందరం ఒకే రకం తెల్ల టీషర్టులు వేసుకునేవాళ్లం. ఊళ్లోకి వెళ్లగానే పనిముట్లు దింపేకంటే ముందు బ్యానర్ కట్టేవాళ్లం. అప్పట్లో అది నాకు వింతగా అనిపించలేదు.

ఆ ఊళ్లో మేం చేసింది మంచి పనే. బడి వెనక బోరు ఉంది. దాని నుంచి ఊరి మధ్యకు పైపు వేసి, సిమెంటు దిమ్మె మీద పెద్ద ట్యాంకు నిలబెట్టి, పక్కన చిన్న డ్రమ్ము అమర్చాం. డ్రమ్ములోంచి క్లోరిన్ మందు చుక్కలు చుక్కలుగా ట్యాంకులో పడుతుంది. పైపుకు కొత్తగా కందకం తవ్వాల్సింది. ఆ నేల గట్టిది, తవ్వితే ఇంకో రెండు ఆదివారాలు పోయేవి. అందుకని మురుగుకాలువ గట్టు పక్కనే పాత కందకం ఉంటే అందులో వేసేశాం. ఆ ఆలోచన నాది. టైమ్ కలిసొచ్చిందని అందరూ భుజం తట్టారు కూడా.

మందు కలిపిన నీటిని ఊరు మొదట ఒప్పుకోలేదు. మొదటిరోజు ట్యాంకు దగ్గర ఒక ముసలాయన దోసిట్లో నీళ్లు పట్టి, వాసన చూసి పారబోశాడు.

"ఇవి నీళ్లా, దవాఖాననా? పిల్లలు పుట్టకుండ మందేసిన్రా ఏంది?"

ఆశా వర్కర్ అక్కడే ఉంది. "తాతా, నీకింక పుట్టేటోళ్లున్నరా? నీకెందుకు బుగులు?" అంది.

బిందెలు పట్టుకున్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు గానీ తాగలేదు. అప్పుడామె దిమ్మె ఎక్కి, స్టీలు గ్లాసు నల్లా కింద పెట్టి, నిండా పట్టి, గటగటా తాగేసి, గ్లాసు బోర్లించి చూపించింది. "సచ్చిపోలే. పట్టుకోన్రి," అంది.

అలా మొదలైంది. డ్రమ్ములో మందు పోసి చూసుకునే పని కూడా ఆమెకే అప్పజెప్పాం. రోజూ పొద్దున ఆమె వచ్చి ఒక గ్లాసు తాగాకే బిందెలు నిండేవి. ఆమె రావడం ఆలస్యమైతే బిందెలన్నీ వరసలో అలాగే ఉండేవి. అటు హిందువుల ఇళ్లు, ఇటు ముస్లింల ఇళ్లు, మొత్తం ఊరు దీన్ని ఒక పద్ధతిలా పెట్టుకుంది. మా బృందంలో అందరికీ ఇది ముచ్చటగా ఉండేది. ఆ గ్లాసు ఫొటో మా బ్యానర్ మీదికి కూడా ఎక్కింది. ఆ ఊళ్లో నమ్మకం మా ట్యాంకు మీద కాదు, ఆమె గొంతులోంచి దిగే ఆ గ్లాసు నీళ్ల మీద ఉందని మాకు అర్థం కాలేదు. మేం తప్పు చేస్తే ఆ తప్పు కూడా ముందు ఆమె గొంతులోకే దిగుతుందని అసలు తట్టలేదు.

ఫోన్ వచ్చిన రోజుకు ముందటి ఆదివారం నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. కాలువ మలుపు దగ్గర, పైపు అతుకు చుట్టూ మట్టి తడిగా కనిపించింది. అతుకు వదులైంది. కోసి కొత్తది వేయాలి. అరపూట పని. అప్పటికే బడి ముందు అందరూ ఫొటోకు నిలబడి నన్ను పిలుస్తున్నారు. సైకిలు ట్యూబు ముక్క ఒకటి దొరికితే అతుక్కి బిగించి కట్టి, పైన మట్టి తోసి, వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకుని వెళ్లి ఫొటోలో నిలబడ్డాను. ఆ ఫొటోలో నా ప్యాంటు మోకాళ్ల దగ్గర బురద ఉంటుంది. చూసినవాళ్లు నన్ను కష్టపడేవాడనుకున్నారు.

వాన పడ్డ రాత్రి కాలువ నిండింది. కరెంటు పోయినప్పుడల్లా మోటారు ఆగింది. మోటారు ఆగితే పైపులో నీరు వెనక్కి జారుతుంది, ఆ జారేటప్పుడు వదులైన అతుకు దగ్గర బయటి నీటిని లోపలికి లాక్కుంటుంది. కరెంటు వచ్చి మోటారు మళ్లీ తిరిగినప్పుడల్లా ఆ కాలువ మురుగు ట్యాంకులోకి వెళ్లింది. అంత మురుగుకు మా చుక్కల మందు ఏ మూలకూ సరిపోదు.

మర్నాటికి వాంతులు, విరేచనాలు. ట్యాంకు చుట్టుపక్కల ఇళ్లలో ఎవరో ఒకరు మంచం పట్టని ఇల్లు లేదు. ఎక్కువగా పిల్లలు, ముసలివాళ్లు. ట్యాంకు పక్క ఇంట్లో ఒక కోడలు, కర్ణాటక వైపు నుంచి వచ్చిన అమ్మాయి, నెలలు నిండుతున్న మనిషి. ఆమెను జహీరాబాద్ దవాఖానకు తెచ్చి సెలైన్ ఎక్కించారు. ఎవరూ చనిపోలేదు. ఈ మాట రాస్తుంటే ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది, వెంటనే సిగ్గేస్తుంది. చనిపోకపోవడంలో నా గొప్పేమీ లేదు.

ఆశా వర్కర్ కూడా ఆ గ్లాసు తాగింది కదా. ఆమెకూ వాంతులయ్యాయి. అయినా కొంగు బిగించి, ఓఆర్ఎస్ పొట్లాల సంచి భుజాన వేసుకుని, ఇల్లిల్లూ తిరిగింది. మధ్యలో గోడ చాటుకు వెళ్లి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని మళ్లీ తిరిగింది. ఆమెను ముంచింది అదే. అందరూ మంచం పడితే ఈమె ఎట్లా తిరుగుతోంది? తాగలేదన్నమాట. నోట్లో పోసుకుని, పక్కకు వెళ్లి ఉమ్మేసిందన్నమాట. రోజూ అంతే చేసేదేమో. ఊళ్లో ఈ మాట పుట్టడానికి ఒక పూట కూడా పట్టలేదట.

మా బృందానికి ఒక పెద్దాయన ఉన్నారు. ఉద్యోగంలో నాకంటే చాలా పైన, వయసులోనూ పెద్ద. మాది ఒకే జిల్లా. ఆరోజు సాయంత్రం ఫోన్ చేశారు.

"ఏమయ్యా, నీ ఊళ్లో ఏదో గొడవంట?"

నేను అతుకు సంగతి చెప్పాను. ఫోన్లో తాగమన్నానని కూడా చెప్పాను.

ఆయన, "వర్షాకాలం. ఊళ్లల్లో విరేచనాలు కొత్తా ఏంటి? నిన్నెవరైనా అడిగారా?" అన్నారు.

"లేదండి."

"మరి నువ్వెందుకు మీదేసుకుంటావు? రేపు ఇంకో ఊళ్లో పని చేయాలా వద్దా మనం? నోరు మూసుకుని ఉండు."

తర్వాత మా అందరి ఫోన్లలో ఉండే గ్రూపులో ఆయన ఒక సందేశం పెట్టారు. మన వ్యవస్థలో లోపం లేదనీ, స్థానికంగా చూసుకునేవారి నిర్లక్ష్యం వల్ల సమస్య వచ్చిందనీ దాని సారం. అక్కడ స్థానికంగా చూసుకునేది ఎవరో గ్రూపులో అందరికీ తెలుసు. బ్యానర్ మీద ఉంది ఆమె. ఒకరి తర్వాత ఒకరు బొటనవేలు గుర్తు పెడుతూ వచ్చారు. నేనూ పెట్టాను.

ఫోన్లో చెప్పిన మాటకు తొందర అనో, మతిమరుపు అనో ఒక సాకు వెతుక్కోవచ్చు. దీనికి వెతుక్కోలేను. సోఫాలో కూర్చుని, టీ తాగుతూ, బాగా ఆలోచించి పెట్టాను ఆ బొటనవేలు.

మా ఆవిడ పక్కనే ఉంది. "ఆ ఆశా ఆవిడకి ఎలా ఉందో కనుక్కున్నారా?" అని అడిగింది.

"కనుక్కున్నాను, బానే ఉందంట," అన్నాను. కనుక్కోలేదు.

ఆ సందేశం గ్రూపులో ఆగలేదు. మాలో ఒకరికి మండలంలో వైద్యాధికారి తెలుసు. మాట అక్కడికి చేరింది. మందు చూసుకోమని నీకు అప్పజెబితే ఏం చేస్తున్నావని ఆయన ఆశా వర్కర్‌ను అందరి ముందూ అడిగాడు. ఆమె, ఇంజనీర్ సార్‌ను అడిగాకే తాగమన్నానని చెప్పింది. ఆయన మా పెద్దాయనకు ఫోన్ చేశాడు. అలాంటి ఫోన్ ఏదీ మావాళ్లెవరికీ రాలేదని మా పెద్దాయన చెప్పారు. ఈ సంగతి నాకు ఆయనే ఉత్సాహంగా చెప్పారు, నన్ను కాపాడినట్టు.

తర్వాతి ఆదివారం బృందం చిరాగ్‌పల్లి వైపు ఒక బడికి వెళ్లింది. నేను ఒంట్లో బాగాలేదని చెప్పి, బైకు మీద ఒక్కణ్నే ఆ ఊరికి వెళ్లాను. వెళ్లింది క్షమాపణ చెప్పడానికి అని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. ఆ ట్యూబు ముక్క తీసేయాలని వెళ్లాను. ఎవరైనా తవ్వి చూస్తే అది కనిపిస్తుందని భయం.

ట్యాంకు దగ్గర ఎవరూ లేరు. బిందెలు లేవు. ఆడవాళ్లు ఊరవతల పాత బావికి పోతున్నారు, ఆ బావి నీళ్లు మేం ట్యాంకు కట్టకముందు నుంచీ మంచివి కావు. నేను మలుపు దగ్గర మట్టి తీస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"దొరికిందా సార్?"

ఆశా వర్కర్. మనిషి సగమైపోయింది. నా చేతిలో ట్యూబు ముక్క ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది.

"గిదేనా?"

"ఇదే."

"మీకు ముందుగాలనే ఎర్కనా?"

"తెలుసు."

ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. గట్టు మీద కూర్చుంది, కూర్చోవడం కూడా ఓపిక లేక అనిపించింది.

"నా నౌకరి పోతదని నాకు రంది లేదు సార్. పోతె పోనియ్. ట్యాంకు పక్కపొంటి ఇల్లు ఎర్కనా? ఆ కోడలు పిల్లకు రక్తం తక్కువున్నది, బీపీ ఎక్కువున్నది. కాన్పు పెద్ద దవాఖానలనే చెయ్యాలన్నడు డాక్టర్ సాబ్. అత్త ఏమంటదో ఎర్కనా? నువ్వు తాగుమంటె తాగినం, సావు దాక పోయినం. ఇంక నువ్వు యాడికి పొమ్మంటె ఆడికి పోవాల్నా అంటది. ఇంట్లనే చేస్తదట కాన్పు. మంత్రసానికి చెప్పి పెట్టింది. నేను వాకిట్లకు పోతె తలుపేస్తున్నది."

"నేను మాట్లాడతాను. పంచాయతీ దగ్గర అందర్నీ పిలిపించండి. మైకులో చెబుతాను, తప్పు నాదని."

ఆ మాట అన్నప్పుడు నాలో ఏదో ఊరట కదిలింది. మైకు ముందు నిలబడ్డ నన్ను నేనే చూసుకున్నాను. గొంతు వణుకుతుంది, జనం నిశ్శబ్దంగా వింటారు, ఎంత మంచి మనిషో అనుకుంటారు. ఆమె కూడా అది చూసినట్టుంది.

"మైకా?" అంది. "మైకుల చెప్తె మీకు చప్పట్లు కొడ్తరు సార్. ఎంత పెద్ద సారు, తప్పు ఒప్పుకున్నడు అంటరు. ఒక శాల్వ గూడ కప్పుతరు. నేను అప్పుడు గూడ ఉమ్మేసినదాన్నే అయిత."

చేతిలోని ట్యూబు ముక్కకు అంటిన మట్టి దులిపాను.

"చెప్పేటిదుంటె ఇంటింటికి పోయి చెప్పున్రి. నీళ్లు తాగినోళ్ల ఇండ్లన్నిట్ల. నా ఎంబడి రాకున్రి. నేనొస్తె నేనే తోల్కొచ్చిన అంటరు. ఒక్కరే పోన్రి. ఏమంటే పడున్రి."

లేచి వెళ్లిపోయింది. ట్యూబు ముక్కను జేబులో పెట్టుకోవడానికి మనసు రాలేదు, పారేయడానికీ రాలేదు. చివరికి కాలువ గట్టు మీదే పెట్టాను, అందరికీ కనిపించేటట్టు.

ఆ రోజు చెప్పలేదు. ధైర్యం చాలలేదు. ముందు పైపు పని పెట్టుకున్నాను. కంపెనీలో సెలవు పెట్టి, తవ్వేవాళ్లను మాట్లాడుకుని, కాలువకు దూరంగా బడి గోడ వెంట కొత్త కందకం తీయించాను. నేనూ తవ్వాను. మొదట్లోనే తవ్వాల్సిన కందకం అది. జనం వచ్చి చూసి పోతున్నారు, ఎవరూ పలకరించడం లేదు. దోసిట్లో నీళ్లు పారబోసిన ఆ ముసలాయన మాత్రం గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ అన్నాడు:

"ఏం సారు, ఇయ్యాల ఫొటో తీసేటోడు రాలేదా?"

కొత్త పైపు వేశాక ట్యాంకు ఖాళీ చేయించి, లోపలికి దిగి కడిగాను. అడుగున పేరుకున్న నల్లటి బురదను చేత్తో తీశాను. నీళ్లు పట్టి పరీక్షకు పంపాను. మంచివని వచ్చింది. అయినా ఒక్క బిందె కూడా రాలేదు. పైపు బాగుచేస్తే సరిపోతుందేమో, చెప్పే పని తప్పుతుందేమో అని మనసులో ఒక మూల ఆశ ఉండేది. అది పోయింది.

అప్పుడు మొదలుపెట్టాను. మా పెద్దాయనకు ముందు ఫోన్ చేసి, వైద్యాధికారి దగ్గరికి వెళ్తున్నానని, ఆ ఫోన్ వచ్చింది నాకేనని చెబుతానని అన్నాను. "నీ ఇష్టం. మా పేర్లు మాత్రం తేకు," అని పెట్టేశారు. వైద్యాధికారి విన్నాడు. నా ఫోన్లో ఆ రోజు వచ్చిన కాల్ చూపించమని అడిగితే చూపించాను. తల పైకెత్తకుండా, "ఆమెను అందరి ముందు అన్నాను," అన్నాడు. అది నాతో అన్న మాట కాదు. అక్కణ్నుంచి గ్రూపులో నేను చేసింది నాలుగు వాక్యాల్లో రాసి పెట్టాను. ఎవరూ ఏ గుర్తూ పెట్టలేదు. కాసేపటికి ఆ గ్రూపులో నేను లేను.

తర్వాత ఊరికి వెళ్లాను. ఒకే మాట ప్రతి ఇంట్లో చెప్పడం ఎంత కష్టమో అప్పటిదాకా తెలియదు. మొదటి ఇంట్లో చెప్పినప్పుడు ‘పొరపాటు జరిగింది’ అన్నాను. బయటికొచ్చాక నాకే రోత పుట్టింది. జరగడమేమిటి, నేను చేస్తేనే కదా? వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పాను. పైపు పాడైందని నాకు ముందే తెలుసు, బాగుచేయలేదు, ఆమె ఫోన్ చేసి అడిగితే చూడకుండా తాగమన్నాను, ఆమె నిజంగానే తాగింది, ఆమెకూ రోగం వచ్చింది. కొన్ని ఇళ్లలో సరే అన్నారు. ఒక ఇంట్లో కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు, అది తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకుంది. ఒకాయన, "ఆమెనే పంపిందా నిన్ను?" అన్నాడు. కాదని ఒట్టేసినా నమ్మలేదు. ఒక ముసలమ్మ మాత్రం, ఆ రోజు తన ఇంటి గోడ చాటున ఆశా వర్కర్ వాంతి చేసుకోవడం చూశానంది. మరి ఎవరికీ చెప్పలేదేమని అడిగితే, "నన్నెవలడిగిన్రు బిడ్డా?" అంది. నేను బొటనవేలు పెట్టిన వాణ్ని. ఆమెను అనడానికి నాకు నోరు లేదు.

ట్యాంకు పక్క ఇంటికి వెళ్లడానికే భయపడ్డాను. అత్త వాకిట్లో అల్లం ఆరబోస్తోంది. కోడలు గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుంది, కాళ్లు వాచి ఉన్నాయి. నేను నిలబడే చెప్పాను. అత్త చేతిలో పని ఆపకుండా మొత్తం విన్నది.

"ఆ ట్యాంకు నీళ్లు నువ్వెప్పుడన్న తాగినవా?" అని అడిగింది.

"లేదు."

"ఒక్కసారి గూడ?"

"లేదమ్మా. మేం బాటిళ్లు తెచ్చుకునేవాళ్లం."

"ఆమె తాగింది."

"తాగింది. నేను చెబితే తాగింది."

"మరి మాకెందుకు చెప్పలేదయ్యా గిన్ని దినాలు? పిల్ల సెలైన్ పెట్టుకోని పండితె మేము ఆమెను ఎన్ని మాటలన్నం! నా నోటితోని నేనే అన్న, నీ కడుపు మాడ అని. గా పాపం యాడ పెట్టుకోవాలె నేను?"

కోడలు కన్నడం కలిసిన తెలుగులో మెల్లగా అత్తను ఏదో అడిగింది. ఆశక్క రేపు వస్తదా అని అడుగుతోందని నాకు అర్థమైంది. అత్త అల్లం ముక్కలను చేత్తో అటూ ఇటూ నెట్టి, నెట్టి, లేచి నిలబడింది.

"రేపు ఆమె ఎంబడి దవాఖానకు పంపిస్త," అంది. కోడలితో అన్నదో నాతో అన్నదో తెలియలేదు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు మల్ల మా వాకిట్లకు రాకు," అంది.

అలవాటుగా వెళ్లొస్తానని తలూపాను, వెంటనే సర్దుకుని, రానన్నాను. రోడ్డు మీదికి వచ్చాక ఆశా వర్కర్‌కు ఫోన్ చేసి, రేపు ఆ కోడల్ని ఆమె వెంట దవాఖానకు పంపిస్తానని అత్త అన్నదని మాత్రం చెప్పాను. ఆమె "మంచిది" అని పెట్టేసింది. ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

ఆ వీధిలో చెప్పాల్సిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. పక్క ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఎవరో చంటిపిల్లను ఊరుకోబెడుతున్నారు. చెప్పులు విడిచి, గొళ్లెం చప్పుడు చేశాను.